చివరి పొర

"మళ్లీ చిరిగిందా?" అన్నాడు భర్త, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

"చిరిగింది. చర్చి గోపురం దగ్గర," అంది ఆమె, మెషిను కోసిన కాగితాన్ని దాని కిందున్న జిగురు మ్యాట్ మీంచి ఊడదీస్తూ.

"నీ చేతిలో పడ్డ పని ఎప్పుడు సవ్యంగా సాగింది కనక."

"మీ మెషిను కోసిన తీరు మాత్రం ఏం ఏడ్చింది. అంచులన్నీ ఎలక కొరికినట్టున్నాయి."

"ముసలిదైపోయింది. దాన్నని ఏం లాభం," అని అతను మెషిను మూత దించేశాడు. ఆ పూటకి పని ఆగిపోయింది.

గోడకి ఆనించి మనిషెత్తు చట్రం ఉంది. అందులో ఒక కాగితపు ఊరు. అన్నిటికన్నా వెనక నక్షత్రాలు, వాటి ముందు కొండలు, వాటికి ముందు దేవదారు చెట్లు, ఇంకా ముందుకి ఇళ్ల వరస. పొరకీ పొరకీ మధ్య స్పాంజి ముక్కలు అంటించడంతో ఊరు నిజంగానే లోపలికి ఎంతో దూరం పోతున్నట్టుంది. వెనక చిన్న దీపాలు కూడా అమర్చేశారు. ఇక మిగిలింది అన్నిటికన్నా ముందుండే పొర ఒక్కటే. చర్చి, వీధి, వీధిలో మనుషులు. అదే ఎంతకీ తెమలడం లేదు.

క్రిస్మస్‌కి దీన్ని పిల్లల ఆసుపత్రి హాల్లో పెట్టాలి. మాటిచ్చింది వీళ్లు కాదు, వీళ్ల పిచ్చుక. ఏడేళ్ల పిల్ల. కూర్చున్నచోట నోరు ఊరుకునేది కాదని తండ్రి పెట్టిన పేరది. పోయిన క్రిస్మస్‌కి ఆ ఆసుపత్రి మంచం మీంచే నర్సుకి చెప్పింది, "వచ్చేసారి మా అమ్మా నాన్నా ఊరంత ఊరు చేసి తెస్తారు, చూస్తూ ఉండండి" అని. తను మాత్రం ఆ వేసవి కూడా చూడలేదు.

తర్వాత ఇద్దరూ నోరు జారారు. "నువ్వు ముందే కనిపెట్టి ఉంటే" అని అతను అన్నాడు. "మీరు ఇంటిపట్టున ఉంటే కదా" అని ఆమె అంది. అనకూడని మాటలవి. అన్నాక ఇక ఎవరు మాత్రం వెనక్కి తీసుకోగలరు? నెలల తరబడి ఎడమొహం పెడమొహంగా బతికి, చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. పిల్ల మాట నిలబెట్టి, ఎవరి దారి వాళ్లు చూసుకోవడం. అతని పెట్టె అప్పటికే సర్ది తలుపు దగ్గర పెట్టేసి ఉంది.

సాయంత్రం అతని అక్క ఫోన్ చేసింది. ఆవిడ గొంతు వంటింటి దాకా వినబడుతుంది.

"ఇంకా ఎప్పుడొస్తావురా? నీ గది సర్ది ఎన్నాళ్లయింది."

"వస్తానక్కా. ఇదొకటి వదిలించుకుంటే నా దారిన నేనొచ్చేస్తా. మెషిను మొరాయిస్తోంది."

వదిలించుకోవడం. ఆ మాట ఆమెకి ముల్లులా దిగింది. ఏడుపొచ్చింది. ఏడవడానికి మాత్రం తనకేం హక్కుంది? మ్యాట్‌ని వంచి కాగితం నుంచి విడదీయాలని, కాగితాన్ని పట్టి లాగకూడదని ఆమెకి తెలియక కాదు. గోపురం దగ్గరికొచ్చేసరికి కావాలనే లాగుతోంది. ఇది పూర్తయితే అతను వెళ్లిపోతాడు. ఉండిపొమ్మని అడగడానికి నోరు రాదు. చిరిగిన ప్రతి కాగితంతో ఇంకో రోజు దక్కుతోంది.

ఆ రోజు స్నానాల గదిలో కుళాయి చాలాసేపు పారింది. నీళ్ల చప్పుడు కింద అతను వెక్కి వెక్కి ఏడవడం ఆమె విన్నది. తలుపు తడదామని వెళ్లి, చెయ్యి ఎత్తి, దించేసుకుంది. ఈ ఇల్లు మనిషిని తినేస్తోంది, తనేమో స్వార్థం కొద్దీ అతన్ని ఇంకా కట్టిపడేస్తోంది అనిపించింది. పోనీ, వెళ్లనీ, అక్క దగ్గరైనా కడుపునిండా తింటాడు.

మర్నాడు కాగితాన్ని పసిబిడ్డని ఎత్తినట్టు తీసింది. అయినా చిరిగింది. ఈసారి ఆమె తప్పు కాదు, కోతే అడ్డదిడ్డంగా పడింది.

"ఏం చేస్తాం, మన ఖర్మ," అని అతను కొత్త కాగితాలు తేవడానికి బజారుకి వెళ్లాడు. ఆమె ఆ వెంటనే మెకానిక్కుకి ఫోన్ చేసింది. పంపేయాలనుకున్నాక ఇక నాన్చడం దేనికి?

మెకానిక్కు వచ్చి మూత ఎత్తి చూశాడు.

"బ్లేడు ఉండాల్సినదానికన్నా బాగా బయటికొచ్చిందమ్మా. అందుకే కాగితాన్ని కోయట్లేదు, దున్నుతోంది."

"ముసలిదైపోయింది కదా బాబూ."

"మెషిను బంగారంలా ఉంది. బ్లేడు దానంతటది కదలదు, ఎవరో తిప్పాలి. ఈ స్క్రూ చూడండి, తల అరిగిపోయింది. ఒకసారి కాదు, పనిగట్టుకుని చాలాసార్లు తిప్పారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"లేరు."

"మరి మీరేనా?"

ఆమె తలుపు దగ్గరున్న అతని పెట్టె వైపు చూసింది. చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

"నేనే బాబూ," అంది.

"పర్లేదులెండి. సరిచేసేస్తాను, నిమిషం పని."

"వద్దు. ఎలా ఉందో అలాగే పెట్టేయండి."

"అదేంటమ్మా, బాగుచేయమని పిలిచింది మీరేగా?"

"పిలిచాను. పొరపాటైపోయింది. ఆయన వచ్చేలోపు మూత వేసేయండి, మీకు పుణ్యముంటుంది."

మెకానిక్కు వింతగా చూసి, స్క్రూని ముట్టుకోకుండానే మూత వేసి, సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ బ్లేడు జోలికి ఆమె ఏనాడూ పోలేదు.