జంట మాటలు

"వీనల్, వీనియల్," అన్నాడు ఫెర్రిస్, గోడలోని గాలి రంధ్రానికి నోరు ఆనించి. "తేడా చెప్పు."

అవతల మంచం కిర్రుమంది.

"ఒరేయ్ లీలండ్! నిన్నే."

"నా వల్ల కాదు పెద్దాయనా. ఇవాళ వద్దు."

"ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు ఆడతాంరా? చెప్పు."

మరణశిక్ష పడినవాళ్లను ఉంచే ఆ వరుసలో కొందరు ఎవరి గదిలో వాళ్లుండి, ఎత్తులు అరిచి చెప్పుకుంటూ చదరంగం ఆడతారు. ఫెర్రిస్, లీలండ్‌లది మాటల ఆట. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు ఇంగ్లీషు మాటలు ఒకడు చెప్పాలి. రెండోవాడు అర్థాల్లో తేడా చెప్పాలి. ఓడినవాడు మర్నాటి తన బన్ను గెలిచినవాడికి పంపాలి. ఇద్దరికీ ఒకటే నిఘంటువు. కాపలాదారు ప్రూయిట్ దాన్ని ఒక గది నుంచి మరో గదికి చేరవేస్తుంటాడు. లీలండ్ ఇక్కడికి వచ్చినప్పుడు సంతకం పెట్టడానికే తడుముకునేవాడు. చదవడం నేర్పింది ఫెర్రిసే, ఈ గోడలోంచే.

శిక్ష అమలు ఆ సాయంత్రం. గవర్నరు నుంచి ఫోన్ వస్తే ఆగుతుంది. ఇంకా రాలేదు.

"వీనల్ అంటే డబ్బుకు అమ్ముడుపోయేవాడు," అన్నాడు లీలండ్. "వీనియల్ అంటే క్షమించదగ్గ తప్పు."

"మరి మనం చేసింది?"

"రెండూ కాదు."

"కరెక్ట్. బన్ను నీదే. ఇప్పుడు నువ్వడుగు."

"నొప్పి పుడుతుందంటావా?"

"అవి జంట మాటలు కావు."

"చెప్పు పెద్దాయనా."

"సూది గుచ్చినంతేనంటారు డాక్టర్లు. గుచ్చించుకున్నవాడెవడూ తిరిగొచ్చి ఫిర్యాదు చెయ్యలేదు."

అవతల నవ్వు మొదలై మధ్యలో ఆగిపోయింది.

ప్రూయిట్ పళ్లేలు తీసుకెళ్లడానికి వచ్చాడు. లీలండ్ పళ్లెంలో అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"పొద్దుటిదీ తినలేదు నువ్వు."

"దిగట్లేదు సార్. ఫోన్ ఏమైనా వచ్చిందా?"

"లేదయ్యా." ప్రూయిట్ పళ్లెం వైపే చూస్తూ చెప్పాడు. "కోర్టులో అప్పీలు కూడా కొట్టేశారు."

ఫెర్రిస్ తలుపు సందులోంచి నిఘంటువు బయటికి అందించాడు. "ఇది వాడికివ్వండి సార్."

"నాకెందుకిప్పుడు?" అన్నాడు లీలండ్.

"పట్టుకో. చేతుల్లో బరువుంటే వణుకు తగ్గుతుంది. మాటలడుగు."

అవతల పేజీ తిప్పిన చప్పుడైంది.

"టర్బిడ్, టర్జిడ్."

"రెండూ బురద నీళ్లే."

"కాదు! టర్బిడ్ ఒక్కటే బురద. టర్జిడ్ అంటే ఉబ్బిపోయింది. నాకు చెప్పింది నువ్వే!"

"మర్చిపోయానురా. ముసలాణ్ణి కదా. ఇంకో బన్ను రాసుకో."

"కావాలనే ఓడుతున్నావు."

"నాకు ఆ బన్ను అరగదులే."

"రేపు..." అన్నాడు లీలండ్. మాట పూర్తి కాలేదు.

"రేపటి ఊసెత్తకు. ఇంకోటి అడుగు."

నడవా చివర బూట్ల చప్పుడు వినిపించింది. ఒక్కరిది కాదు. చదరంగం ఆడేవాళ్లు అరవడం ఆపేశారు.

"వస్తున్నారు పెద్దాయనా."

"విన్నాను. ఇటు విను. ఆఖరిది. కంటెమ్, కండెమ్."

"చెప్పలేను."

"చెప్పగలవు."

లీలండ్ ఏడుస్తూనే చెప్పాడు. "కంటెమ్ అంటే మనిషిని చీదరించుకోవడం. కండెమ్ అంటే..."

"ఊఁ."

"శిక్ష వెయ్యడం."

"రెండోది మనిద్దరికీ జరిగింది. మొదటిది ఈ గోడకి అటూ ఇటూ ఒక్కసారి కూడా జరగలేదు. అది చాలురా."

బూట్లు ఆగాయి.

"టైమైంది," అన్నాడు వచ్చినవాళ్లలో ఒకడు.

లీలండ్ నిఘంటువును గుండెలకు అదుముకుని, గోడకు నుదురు ఆనించి కళ్లు మూసుకున్నాడు. తాళంలో చెవి తిరిగింది.

తెరుచుకున్నది ఫెర్రిస్ గది.