గట్టు మీద కాపలా

పోలి అనే దుప్పికి ఏడేళ్ళు. మధ్యాహ్నం నెమరు వేస్తూ, ఆ రోజు చెరువు దగ్గర ఎవరెలా కాపలా కాశారో చెప్పడం ఆమె అలవాటు. ఆ మందలో అందరూ ఒకేసారి తలవంచి నీళ్ళు తాగరు. ఒకరు గట్టు మీద నిలబడి, చిరుత వాసన తగిలితే గిట్టతో నేలను తన్నాలి.

ఒకనాడు పోలి అంది, "సింగడు గట్టు మీద లేడర్రా. రేగుపొదల్లో కాయలు తింటున్నాడు."

సింగడు మంద పెద్దకు మేనల్లుడు. పెద్దకు ఒళ్ళు మండింది. "ఆడవాళ్ళకు నోటి దురద! మీ చాడీలతో మంద చీలిపోతుంది. ఇకమీదట ఎవరి గురించీ ఎవరూ మాట్లాడొద్దు. కాదంటే బయటికి పొండి!"

ఒంటరి దుప్పి చిరుతకు కూడే. పోలి నోరు మూసుకుంది. దాన్నే ఐకమత్యం అన్నాడు మంద పెద్ద.

వారం తిరక్కముందే నీలి అనే దుప్పి, పాలు తాగే కూనతో వచ్చి మందలో చేరింది.

"ఇవాళ కాపలా ఎవరొదినా?" అని పోలిని అడిగింది.

"సింగడు."

"నమ్మొచ్చా?"

పెద్ద అటే చూస్తున్నాడు. "నాకేం తెలుసమ్మా," అంది పోలి.

నీలి కూనను వెంటబెట్టుకుని నీళ్ళ దగ్గరికి దిగింది. గిట్ట చప్పుడు వినబడలేదు. కూన అరుపు వినబడింది.

"దాని ఆయుష్షు అంతే," అన్నాడు పెద్ద. సింగడు కూడా బాధగా తల ఊపాడు. నీలి మాత్రం పోలి వైపే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రమే పోలి మంద వదిలేసింది. చనిపోయేలోగా నాలుగు మందలు తిరిగి, సింగడి పేరూ, ఆ రోజు అబద్ధమాడిన తన పేరూ చెప్పింది.