ఆఖరి ఆష్‌బీ

"అత్తయ్యా, లేవండి! పెరట్లో నేల బీటలిచ్చింది!"

వినిఫ్రెడ్ కదల్లేదు. కోటు, టోపీ తీయకుండానే వంటింటి బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతోంది. చర్చి నుంచి వచ్చి ఇంకా బట్టలు మార్చుకోలేదు కాబోలు అనుకుంది కోడలు డోరీన్. నిన్నటిదాకా కోళ్ళగూడు ఉన్నచోట ఇప్పుడు కిటికీలోంచి ఆకాశం కనిపిస్తోంది. కింద ఉత్తర సముద్రం హోరుమంటూ గట్టును కొరుకుతోంది.

"ఊళ్ళో మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ లేస్తే ఆష్‌బీ అనే మాట ఇక ఎవరి నోట ఉంటుంది?"

"పేరు కోసం ప్రాణం తీసుకుంటారా? ఆష్ చెట్లున్న ఊరని ఎవరో పెట్టారు. ఆ చెట్లన్నీ ఎప్పుడో సముద్రం పాలయ్యాయి!"

"అందుకే పేరైనా మిగలాలంటున్నా."

గోడ పటపటమంది. అలమరలోని పింగాణీ పళ్ళెం జారి భళ్ళున పగిలింది. బయట రోడ్డు మీద పిల్లల తోపుడుబండిలో నెల నిండని పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"మీ అబ్బాయి మొండితనం ఎవరిదో ఇప్పుడు తెలిసింది!"

"వాడిది వాళ్ళ నాన్న పోలిక. నువ్వు పో, బిడ్డను చూసుకో. ఏం పేరన్నావ్? సాండ్రానా? సినిమా పేరు!"

కాళ్ళ కింద నేల జానెడు కుంగింది. డోరీన్ నోటికి తోచింది అనేసింది.

"సాండ్రా కాదు, ఆష్‌బీ! పొద్దున్నే రిజిస్ట్రార్ దగ్గర రాయించేశాను!"

"ఆడపిల్లకు ఊరి పేరా?"

"షర్లీ ఊరి పేరు కాదూ? బెవర్లీ కాదూ? ఆడపిల్లలకు పెట్టుకోవట్లేదూ? మీ ఊరు అక్కడ రోడ్డు మీద ఏడుస్తోంది అత్తయ్యా! వచ్చి ఎత్తుకోండి!"

వినిఫ్రెడ్ కప్పు కింద పెట్టి లేచింది. ఇద్దరూ గేటు దాటారో లేదో, వెనక వంటిల్లు పెళపెళమని విరిగి గట్టు కిందికి జారిపోయింది.

పాపను గుండెకు హత్తుకున్న అత్త కోటు మీది దుమ్ము దులిపింది డోరీన్.

"క్షమించండి. అబద్ధమాడాను. ఇంకా ఏ పేరూ రాయించలేదు."

"తెలుసు. ఆదివారం పూట ఆ ఆఫీసు ఎవడు తెరుస్తాడే?"

"తెలిసీ... ఎందుకు లేచారు?"

"రేపు సోమవారం, తెరుస్తారు. నిజం చేద్దువుగానిలే. ముందు ఆ కంచె వెనక నా పెట్టె ఉంది, పట్టుకురా. శుక్రవారమే సర్దేశాను. నీ నోట ఆ పేరు రావడమే ఆలస్యమైంది."