స్వల్ప నష్టం

“ఇదేంటి బాబాయ్‌గారూ! లైబ్రరీ పుస్తకం నిండా ఈ పెన్సిల్ రాతలేంటి?” లైబ్రేరియన్ మండిపడింది.

యుద్ధ చరిత్రలంటే ఆమెకు ప్రాణం. కళ్ళకు కట్టినట్టు రాశారని ఊదరగొట్టి, ఒక వంతెన కోసం జరిగిన పోరు గురించిన ఆ పుస్తకాన్ని పెద్దాయన చేతిలో పెట్టింది తనే.

“తప్పులుంటే దిద్దానమ్మా,” అన్నాడాయన తాపీగా. “సైనికులు మూడు రోజులు పస్తులుండి పోరాడారట! పూటపూటా నేను వేడివేడిగా వండి పెడితేనూ! ఆ దళానికి వంటవాణ్ణి నేనే.”

ఆమెకు నవ్వాగలేదు. అంత యుద్ధంలోనూ ఈయన బాధ గరిటె పరువు గురించే అన్నమాట.

“పస్తులుంటేనే కదండీ, చదవడానికి బాగుండేది!” అంటూ రబ్బరు తీసి పేజీ తిప్పింది.

‘స్వల్ప నష్టంతో వంతెన దక్కింది’ అన్న వాక్యం పక్కన ‘ముప్ఫై ఒక్కరు’ అని రాసి ఉంది.

“చనిపోయినవాళ్ళా?”

“కాదమ్మా, తినడానికొచ్చినవాళ్ళు. మొదటి రోజు నూట ఇరవై మందికి వండాను. నాకెవరూ చెప్పలేదు కదా, మూడో రోజూ అంతే వండాను. మిగిలిందంతా గొయ్యి తీసి పారబోశాను.”

ఆమె రబ్బరు సొరుగులో పడేసింది.

ఇంతలో ఒకాయన కౌంటర్ దగ్గరకొచ్చాడు. “మేడమ్, మంచి యుద్ధం పుస్తకమేదైనా చెప్పండి.”

ఆమె అదే అందించింది.

ఆయన పేజీలు తిరగేశాడు. “అయ్యో, ఎవరో పెన్సిల్‌తో పాడుచేశారే!”

“పాడు చెయ్యలేదండీ,” అందామె. “దిద్దారు.”