నోరు విప్పని నలభై నిమిషాలు

కోర్టు లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఇద్దరే ఉన్నారు. బారిస్టర్ ఎడ్మండ్ థార్ప్, చక్రాల కుర్చీలో అతని కక్షిదారు డోరీన్ ఆక్రాయిడ్. ఇంగ్లండులోని ఆ లీడ్స్ నగరం మొత్తంలో ఆ పూట ఒక్క గదిలో ఉండకూడని మనుషులు ఎవరయ్యా అంటే వాళ్ళిద్దరే.

ఎందుకంటే డోరీన్ సాక్ష్యం ఇంకా సగంలోనే ఉంది. భోజనానికి లేస్తూ జడ్జి మరీ మరీ చెప్పాడు. "మీ సాక్ష్యం ముగిసేదాకా కేసు గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు. మీ లాయరుతో కూడా." ఆ గీత దాటితే థార్ప్ ఒంటిమీది నల్లగౌను ఊడినట్టే.

థార్ప్ ఎర్రమీట నొక్కాడు. మెకానిక్ బయల్దేరాడు, కంగారు పడొద్దు అంది గోడలోంచి ఎవరిదో గొంతు. ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

"నాయనా, పొద్దున బాగానే చెప్పానా?" అంది డోరీన్.

థార్ప్ వినపడనట్టు ఎర్రమీట మళ్ళీ నొక్కాడు. బాగా చెప్పడమా! కొంప ముంచింది. అప్పట్లో పిక్క వాచి మండిపోతోందని ఆవిడ క్లినిక్‌కి ఫోన్ చేసింది మంగళవారం. మాత్ర వేసుకుని పడుకోమన్నారు. గురువారం పెద్దాసుపత్రిలో కాలు తీసేశారు. క్లినిక్ మీద వేసిన కేసంతా ఆ రెండు రోజుల ఆలస్యం మీదే నిలబడింది. అలాంటిది, అవతలి పక్క బారిస్టర్ సిసిలీ వేన్ గంటసేపు అటు తిప్పి ఇటు తిప్పి అడిగేసరికి, "ఏమోనండీ, గురువారమే చేశానేమో" అనేసింది మహాతల్లి. గురువారమే చేసి ఉంటే ఇక క్లినిక్ తప్పేముంది? కేసు గోవిందా. పరిహారం డబ్బుతో నేలమీద ఇల్లు కొనుక్కుంటానన్న ఆశా గోవిందా. అల్లుడు మోసుకొస్తే తప్ప దిగలేని ఆ మూడో అంతస్తు ఫ్లాటులో ఆవిడ బతుకంతా బందీగా ఉండాల్సిందే.

మళ్ళీ ప్రశ్నలడిగే వంతు థార్ప్‌కీ వస్తుంది. కానీ తన సాక్షి నోట్లో జవాబు పెట్టే ప్రశ్న తను వెయ్యకూడదు. ఆవిడ ఇంకోసారి గురువారమంటే ఆ దేవుడు కూడా కాపాడలేడు.

"వాన తగ్గేలా లేదండీ" అన్నాడు.

"నేనడిగిందేమిటి, నువ్వు చెప్పేదేమిటి?"

"కేసు మాటొద్దమ్మా. జడ్జిగారు చెప్పారుగా."

"ఇక్కడ జడ్జి ఎక్కడున్నాడు? ఈ రేకు గోడలు పోయి చెప్తాయా? పోనీ నోటితో చెప్పకు, తలాడించు."

థార్ప్ మెడ కదిలించడానికే భయపడ్డాడు. మొహంలో ఏం కనిపిస్తుందోనని తలుపువైపు తిరిగి నిలబడ్డాడు. ఒక్క మాట. మంగళవారం. అనేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఇరవయ్యేళ్ళుగా ఈ వృత్తిలో ఉండి ఇంత అసహ్యంగా ఎప్పుడూ ఇరుక్కోలేదనుకున్నాడు.

అరగంట గడిచింది. డోరీన్ సంచిలోంచి హామ్ శాండ్‌విచ్ తీసి సగం అందించింది. వద్దన్నాడు.

"నిన్నటిదాకా వసపిట్టలా వాగేవాడివి. పనైపోయింది, ఇక ఈ కుంటిదానితో ఏం పనిలే అనుకున్నావా?" ఆవిడ ఆ సగం ముక్క మళ్ళీ సంచిలో పడేసింది.

"అయ్యో, అదేం కాదమ్మా."

"సరేలే. కేసు ఊసెత్తను. మా చెత్తబండి బుధవారం వస్తుంది, డబ్బా ఇవాళ బయట పెట్టించాలో వద్దో తెలీడం లేదు. ఈ కోర్టు గోలలో రోజులన్నీ కలిసిపోయాయి. ఇవాళేం వారం?"

థార్ప్ గతుక్కుమన్నాడు. ఇవాళ మంగళవారం!

చెప్తే ఆ మాట ఆవిడ చెవిలో వేసినట్టే. రేపు బుధవారమన్నా అంతే. అబద్ధం చెప్పడానికి నోరు రాదు. చొక్కా మెడపట్టీ తడిసిపోయింది.

"అది... నేను చెప్పలేనమ్మా."

"ఓరి నీ చదువు పాడుగాను! వారం పేరు కూడా చెప్పవా?" అని మొహం తిప్పుకుంది. మరో పది నిమిషాలకు లిఫ్టు కదిలింది.

తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా సిసిలీ వేన్ నిలబడి ఉంది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నవ్వింది. థార్ప్‌ చక్రాల కుర్చీని గబగబా తోసుకుపోయాడు.

కోర్టు మొదలవగానే అతనే లేచి లిఫ్టు సంగతి జడ్జికి చెప్పుకున్నాడు. సిసిలీ ఊరుకుంటుందా? దొరికాడు దొంగ అన్నంత హుషారుగా లేచింది.

"మిసెస్ ఆక్రాయిడ్, ప్రమాణం చేసి ఉన్నారు, గుర్తుందిగా. ఆ నలభై నిమిషాలూ మీ లాయరు మీతో ఏం మాట్లాడారు?"

"వాన గురించండీ."

"కేసు గురించి?"

"ఎంత బతిమాలినా నోరు విప్పలేదు. తలైనా ఆడించలేదు. ఆఖరికి ఇవాళేం వారమని అడిగితే అదీ చెప్పలేనన్నాడు."

కోర్టంతా గొల్లుమంది. జడ్జి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. థార్ప్ తల దించుకున్నాడు.

సిసిలీకి అక్కడితో కూర్చోవాలనిపించలేదు. "అంతేనా?" అంది.

"అంతేనండీ. వారం పేరు అడిగితే ఈ మనిషికి ఇన్ని చెమటలెందుకు పట్టాయా అని ఆలోచిస్తూ కూర్చుంటే, అప్పుడు గుర్తొచ్చింది. గురువారం నేను అంబులెన్సులో ఉన్నాను, క్లినిక్‌కి ఫోన్ చేసింది మంగళవారం!"