తుప్పు చంద్రుడి ఆఖరి అధ్యాయం

“పన్ను పీకినట్టు పీకేశారు! వేరు ముక్క కూడా మిగల్చలేదు!”

పళ్ళ డాక్టరుగారు పుస్తకాన్ని అందరి ముందూ ఊపారు. ఆయన సైన్స్ ఫిక్షన్ అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. ఆదివారం పొద్దున్నే టైర్ల షాపు మీది గదిలో చేరి, ఏ నవల గొప్పదో గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకోవడం ఆ సంఘం పని. అన్ని వాదనలూ చివరికి వచ్చి ఆగేది ‘తుప్పు చంద్రుడు’ దగ్గరే. ఎప్పుడో అచ్చయిన నవల. ఊళ్ళో ఉన్నది ఈ ఒక్క ప్రతే.

విషయసూచికలో ముప్పయ్యో అధ్యాయం ‘తిరుగు ప్రయాణం’ అని ఉంది. పుస్తకం మాత్రం ఇరవై తొమ్మిదితోనే ఆగిపోయింది. ఆ ఆఖరి అధ్యాయం మీదే కిందటేడు వార్షికోత్సవంలో గంటసేపు మాట్లాడి, హాలు హాలంతా చప్పట్లు కొట్టించుకున్నారు డాక్టరుగారు.

“బావా, చివరగా పట్టుకెళ్ళింది ఈవిడే,” అన్నాడు సంఘం బీరువా తాళాలు చూసుకునే బావమరిది.

ఈవిడంటే కళ్ళద్దాల షాపు నడిపే ఆవిడ. సంఘంలో కొత్తగా చేరింది. పుస్తకం తిరిగిస్తూ, “ఇందులో చివరి అధ్యాయం లేదేంటండీ?” అని తనే అడిగింది. దొంగే ‘దొంగ, దొంగ’ అని అరవడమంటే ఇదే అనుకున్నారు డాక్టరుగారు.

“నేను తెరిచినప్పుడే లేదండీ,” అందామె.

“అంటే మేం అబద్ధాలాడుతున్నామా?” లెక్కల మేడమ్ లేచి నిలబడింది. “నేను రెండుసార్లు చదివాను. కెప్టెన్ భూమికి తిరిగొచ్చేసరికి మనవళ్ళు తనకన్నా ముసలాళ్ళయి ఉంటారు. వెక్కి వెక్కి ఏడ్చాను.”

“తిరిగొస్తే కదా!” ఫొటోగ్రాఫర్ నవ్వాడు. “ఓడ తగలబెట్టేసి అక్కడే ఉండిపోతాడు. మీరింకేదో చదివుంటారు మేడమ్.”

“అసలు కెప్టెన్ మనిషే కాదు, రోబో. ఆఖరి వాక్యంలో తేలుతుంది,” అన్నాడు బావమరిది.

దొంగతనం సంగతి అటకెక్కింది. బల్ల మీద గుద్దులు మొదలయ్యాయి. కుర్చీ ఒకటి వెనక్కి పడింది. కాసేపటికి ముగ్గురూ తీర్పు కోసం డాక్టరుగారి వైపు తిరిగారు. ఆయన గ్లాసు అందుకున్నారు. మంచినీళ్ళు తాగి, గ్లాసు నెమ్మదిగా కింద పెట్టారు.

“పైపైన చదివితే ఏదో ఒకటే కనిపిస్తుంది. లోతుగా చదివితే మూడూ నిజమే.”

ఆహా అన్నారు ముగ్గురూ. ఆ ఊపులోనే ఆయన ఆమె వైపు తిరిగారు.

“చూడమ్మా, ఇంతమంది చదివిన అధ్యాయం గాల్లో కలిసిపోదు. మర్యాదగా తెచ్చిచ్చావా, సరే. లేదంటే పోలీస్ స్టేషనే.”

ఆమె ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. “నలుగురూ చదివారు. ఈ పుస్తకంలోనే. అంతేనా?”

“పోలీసుల ముందైనా ఇదే మాట చెబుతాం!” అంది లెక్కల మేడమ్. మిగతావాళ్ళు తలలూపారు.

“అయితే పదండి, నేనూ ఫిర్యాదు ఇవ్వాలి.” ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుంది. “ఈ నవల రాసింది మా తాతయ్య. ఆఖరి అధ్యాయానికి పేరొక్కటి పెట్టి, ఒక్క ముక్కయినా రాయకుండానే కన్నుమూశారు. రాసినంతవరకే అచ్చేశారు. మరి ఆయన బుర్రలోంచి దాన్ని ఎత్తుకొచ్చింది మీ నలుగురిలో ఎవరో తేలాలి కదా?”