నలుపు వదిలిన పిస్తోలు

వెర్నా పిస్తోలు మళ్లీ మొరాయించింది.

తూటా పేలింది కానీ, దాని ఖాళీ తొడుగు బయటికి ఎగిరిపడకుండా గొంతులో ఎముకలా అడ్డం పడింది.

ఆమె కంగారు పడలేదు. మూతి గురి వైపే ఉంచి, లోపల ఉన్నవన్నీ ఖాళీ చేసి, మోత వినపడకుండా చెవులకి పెట్టుకున్న డొప్పలు మెడలోకి దించుకుని, దాన్ని తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

"రాయిస్, దీని సంగతేమిటో కాస్త చూడు."

ఓక్లహోమాలోని ఆ చిన్న ఊళ్లో తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజ్ రాయిస్‌ది. పిస్తోలు చేతిలోకి తీసుకోగానే అతనికి నవ్వొచ్చింది. తోలు ఒర రాపిడికి అంచుల నల్లరంగు ఎగిరిపోయి కింది ఉక్కు తెల్లగా మెరుస్తోంది. పిడి మీది గరుకు అరిగి నున్నగా తేలింది. ఒంటి చెమట తగిలే వైపు తుప్పు గోకి నూనె రాసిన మచ్చలు.

"ఏ చెరువులో వల వేస్తే దొరికింది మేడమ్ ఇది?" అన్నాడు పక్కనే ఉన్న బాయిడ్. అతని పిస్తోలు మఖ్మల్ పెట్టెలో పడుకుని ఉంటుంది. "నాది చూడండి. కొన్నప్పటి నుంచి ఒక్క గీత పడితే ఒట్టు."

"ఎందుకు పడుతుందయ్యా? అది కాపలా కాసేది నీకు కాదు, ఆ పెట్టెకి" అంది వెర్నా.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. బాయిడ్ పెట్టె మూత టప్పున వేశాడు.

రాయిస్ పిస్తోలు విప్పాడు.

"లోపలి స్ప్రింగ్ చచ్చింది మేడమ్. ఇంతలా కాలిస్తే చావదా మరి? పోలీసోళ్లే ఏదో పరీక్ష ఉన్నప్పుడు మొహం చూపించి పోతారు. మీరేమో మంగళవారం వస్తే చాలు, ఇక్కడే. ఎవరి మీదండీ అంత కోపం?"

"కోపమేం లేదు. చెయ్యి మర్చిపోతుందని."

"రోజూ నడుముకి పెట్టుకునే తిరుగుతారా?"

"చర్చికి పోయినా తీయను."

"ఈ ఊళ్లో మీ జోలికి ఎవడొస్తాడండీ? ఈ వయసులో పిల్లుల్ని పెంచుకుంటూ హాయిగా ఉండక!"

"నా జోలికి ఎవరూ రారులే." వెర్నా నవ్వింది. "మీ మార్లీ బాగుందా?"

రాయిస్ ఛాతీ పొంగింది. కూతురి మాట ఎత్తితే చాలు, అతనికి వేరే పని ఉండదు.

మార్లీ పళ్ల డాక్టరు దగ్గర పని చేస్తుంది. కొట్టే మొగుణ్ణి వదిలేసి వచ్చింది. దగ్గరికి రావద్దని కోర్టు చెప్పినా ఆ డస్టిన్ ఆమె చుట్టూ తిరుగుతూనే ఉండేవాడు. రాయిస్ కూతురికి పిస్తోలు కొనిచ్చాడు, కాల్చడం నేర్పాడు.

"ఓ రోజు క్లినిక్ పార్కింగ్‌లో ఎదురుపడ్డాడండీ వెధవ. మా పిల్ల కళ్లల్లోకి చూశాడు. అంతే! తోక ముడిచాడు. రాష్ట్రం దాటేదాకా ఆగలేదు. రాయిస్ కూతురంటే ఏమనుకున్నాడు?"

ఆ కథ అక్కడున్న అందరికీ కంఠతా వచ్చు. అయినా విన్నారు.

"ధైర్యం గల పిల్ల. నీ పెంపకం అలాంటిది" అంది వెర్నా.

రాయిస్ స్ప్రింగ్ మార్చి, తనే నాలుగు గుళ్లు కాల్చి చూసి, తుడిచి ఇచ్చాడు.

"ఇక మొరాయిస్తే నన్నడగండి. నా చేతి పని."

"తెలుసు. అందుకేగా నీ దగ్గరికే తెచ్చేది."

పిస్తోలును ఒరలో దోపి, పైన చొక్కా కప్పుకుని ఆమె వెళ్లిపోయింది.

"పాపం, పొద్దుపోదు ముసలావిడకి" అన్నాడు రాయిస్. అందరూ నవ్వారు.

ఆకులు రాలే రోజుల్లో ఒక మంగళవారం వెర్నా రాలేదు. మరుసటి మంగళవారం కూడా రాలేదు.

"చివరికి తుపాకీ అరిగిందో, మనిషి అరిగిందో!" అన్నాడు బాయిడ్.

రాయిస్ నవ్వబోతుండగా తలుపు తోసుకుని మార్లీ వచ్చింది. నల్ల గౌను వేసుకుంది.

"నాన్నా, మంచి చొక్కా వేసుకో. చర్చికి పోవాలి. వెర్నా గారి అంత్యక్రియలు."

"ఆవిడ పోయిందా?"

"గుండె ఆగిపోయింది."

"అయ్యో! ఇంతకీ ఆవిడ నీకెలా తెలుసు?"

"ముందు కారెక్కు."

నలుగురు వస్తే గొప్ప అనుకున్నాడు రాయిస్. చర్చిలో కూర్చోవడానికి చోటు దొరకడమే కష్టమైంది. ఎక్కువగా ఆడవాళ్లే. కొందరి ఒళ్లో పసిపిల్లలున్నారు.

స్కూలు బస్సు నడిపే ఆవిడ ముందు లేచింది.

"నా మొగుడి మీద సాక్ష్యం చెప్పడానికి కోర్టుకి వెళ్లిన ప్రతిసారీ నా పక్కన నడిచింది."

ఇంకొకామె లేచింది.

"నా బట్టలు తెచ్చుకోవడానికి ఆ ఇంటికి వెళ్తే, నేను సర్దుకున్నంతసేపూ గుమ్మంలో నిలబడింది. ఒక్కసారి కూడా తుపాకీ బయటికి తీయలేదు. తీయగలదని మాత్రం వాడికి తెలిసిపోయింది."

రాయిస్ కూతురి చెవి దగ్గరికి వంగాడు.

"ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమే?"

"వెంట నడిచేవాళ్ల పేరు బయటపెట్టకూడదు నాన్నా. వాళ్లకే ప్రమాదం. ఆవిడ బతికున్నంత కాలం ఎవరికీ చెప్పబోమని మాటిచ్చాం."

"మాటిచ్చాం అంటే? మీరెవరు?"

మార్లీ లేచి ముందుకు నడిచింది. అంతమంది ఎదుట తడబడకుండా, తలెత్తి నిలబడ్డ కూతుర్ని చూసి, అంత దుఃఖంలోనూ రాయిస్ వెన్ను నిటారుగా అయింది.

ఆమె శవపేటిక మీద చెయ్యి ఆనించి, సూటిగా తండ్రినే చూస్తూ అంది:

"ఆ రోజు పార్కింగ్‌లో డస్టిన్ వెనక్కి తగ్గింది నన్ను చూసి కాదు నాన్నా, నాకూ వాడికీ మధ్య వచ్చి నిలబడ్డ ఈవిడని చూసి."